కొత్త బోర్డులో డిస్కులు కనబడకపోతే: ముందుగా ఆ పాత వైరు తీసేయండి

ప్రశ్న: మాది ఖమ్మం. జులైలో ఒక రాత్రి ఉరుములు, మెరుపుల మధ్య కరెంటు పోయి వచ్చాక మా ఇంట్లో కంప్యూటర్ మళ్లీ ఆన్ కాలేదు. షాపులో చూపిస్తే మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె) రెండూ పోయాయన్నారు. పాత హెచ్410 బోర్డు దొరకడం లేదని బీ560 బోర్డు, కొత్త ఎస్‌ఎంపీఎస్ వేశారు. ప్రాసెసర్ ఐ5-10400, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు పాతవే. ఇప్పుడు కంప్యూటర్ ఆన్ అవుతోంది గాని, విండోస్ ఉన్న 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల తెరలో) కనబడడం లేదు. రెండు హార్డ్ డిస్కుల్లో 1 టీబీది కనబడుతోంది, 2 టీబీది కనబడడం లేదు. రెండు డ్రైవులూ పిడుగుకే పోయాయి, కొత్తవి కొనుక్కోండి అంటున్నారు. ఆ 2 టీబీ డిస్కులో పదేళ్ల కుటుంబ ఫొటోలు, ఇప్పుడు లేని మా నాన్నగారు పాడిన నాటక పద్యాల రికార్డింగులు ఉన్నాయి. వేరే కాపీ లేదు. ఎస్‌ఎస్‌డీని బోర్డు మీద పైనున్న ఎం.2 స్లాట్‌లోనే (ఎస్‌ఎస్‌డీ గుచ్చే గాడిలోనే) పెట్టారు. ఎస్‌ఎంపీఎస్ మార్చినా, కింది అరలో ఉన్న 2 టీబీ డిస్కుకు వెళ్లే పవర్ వైరు కేబినెట్ వెనక చక్కగా కట్టి ఉందని పాతదే ఉంచి, దాని రెండో కొసను కొత్త ఎస్‌ఎంపీఎస్‌కు గుచ్చారు. ఏం చేయమంటారు?

సమాధానం: మీరు ఉత్తరం చివరలో మామూలు విషయంలా రాసిన ఆ పవర్ వైరు దగ్గరే నేను మొదలుపెట్టాలి. ఈ సమాధానంలో మిగతా భాగం చదవడానికి ముందే కంప్యూటర్ ఆపి, గోడ దగ్గర స్విచ్ కట్టేసి, ప్లగ్గు పీకి, ఆ పాత వైరును డిస్కు వైపు నుంచి, ఎస్‌ఎంపీఎస్ వైపు నుంచి రెండు చోట్లా ఊడదీసి పక్కన పెట్టండి. నేను చెప్పేవన్నీ అయ్యేదాకా, ఆ తరువాత కూడా, ఆ వైరును ఈ కంప్యూటర్‌కు మళ్లీ తగిలించవద్దు.

దీనికి కారణం తెలిస్తే మీరు ఇంకెవరి కంప్యూటర్ దగ్గరైనా ఈ పొరపాటు జరగకుండా ఆపగలుగుతారు. వైర్లు విడిగా ఊడివచ్చే రకం ఎస్‌ఎంపీఎస్‌లలో, హార్డ్ డిస్కుకు తగిలే 15 పిన్నుల కొస ఏ కంపెనీదైనా ఒకేలా ఉంటుంది, ఎందుకంటే దానికి సాటా (డిస్కులను కంప్యూటర్‌కు కలిపే పద్ధతి) ప్రమాణం ఉంది. రెండో కొసకు, అంటే ఎస్‌ఎంపీఎస్‌లో గుచ్చే వైపుకు, అలాంటి ప్రమాణం ఏదీ లేదు. ఏ పిన్నులో 12 వోల్టులు రావాలి, దేనిలో 5 వోల్టులు రావాలి, దేనికి గ్రౌండ్ ఇవ్వాలి అన్నది తయారీదారు ఇష్టం, ఒకే కంపెనీ రెండు మోడళ్ల మధ్య కూడా ఇది మారవచ్చు. ప్లాస్టిక్ ఆకారం మాత్రం చాలాసార్లు ఒకేలా ఉండి, వేరే వైరు కూడా చక్కగా క్లిక్‌మని కూర్చుంటుంది. పూర్వం పసుపు వైరు 12 వోల్టులు, ఎరుపు వైరు 5 వోల్టులు అని రంగు చూసి పోల్చుకునేవాళ్లం, ఇప్పుడు అన్నీ నల్లగానే వస్తున్నాయి కాబట్టి కంటికి తేడా తెలియదు. 5 వోల్టులు అందుకోవలసిన చోటికి 12 వోల్టులు వెళితే డిస్కు ఎలక్ట్రానిక్స్ తట్టుకోవడం కష్టం.

చాలా ఏళ్ల క్రితం ఒక బంధువు ఇంట్లో ఎస్‌ఎంపీఎస్ మార్చినప్పుడు నేనే ఈ తప్పు చేశాను. స్విచ్ వేయగానే చిటుక్కుమన్న శబ్దం, ఆ వెంటనే కాలిన వాసన వచ్చాయి. డిస్కు తిప్పి చూస్తే, అడుగున ఉన్న పచ్చని బోర్డు మీద, పవర్ పిన్నుల పక్కనే మినప్పప్పు బద్దంత ఉన్న నల్లటి ముక్క ఒకటి నెర్రె ఇచ్చి ఉంది. ఆ డిస్కులో వాళ్ల పెళ్లి ఫొటోలు ఉండేవి. అందుకే మీ ఉత్తరంలో ఆ వాక్యం చదవగానే నా ఆలోచన మిగతా అన్నింటినీ వదిలి దాని మీదికే వెళ్లింది.

మీ విషయంలో కొంత ఊరట కలిగించే సంగతి ఉంది. ఆ వైరు తగిలించి ఉండగానే కంప్యూటర్ ఆన్ అవుతోందని రాశారు. డిస్కు లోపల పూర్తిగా షార్ట్ అయి ఉంటే ఎస్‌ఎంపీఎస్‌లోని రక్షణ వ్యవస్థ సాధారణంగా కంప్యూటర్‌ను ఆన్ కానివ్వదు. కాబట్టి పిన్నుల అమరిక అదృష్టవశాత్తూ కలిసి ఉండవచ్చు, లేదా డిస్కుకు కావలసిన కరెంటు ఏదో ఒకటి అసలు అందకపోయి ఉండవచ్చు. ఇది మంచి సూచనే గాని హామీ కాదు. ఆ డిస్కును ఎలా పరీక్షించాలో తరువాత చెబుతాను. ముందు ఎస్‌ఎస్‌డీ సంగతి చూద్దాం, ఎందుకంటే అది బాగానే ఉండి ఉంటుందని నాకు గట్టి నమ్మకం.

మీ ఐ5-10400 ఇంటెల్ పదో తరం ప్రాసెసర్, 2020లో వచ్చింది. దానిలో నుంచి నేరుగా బయటికి వచ్చే పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేన్లు (డేటా ప్రయాణించే దారులు) 16 మాత్రమే, ఆ పదహారూ గ్రాఫిక్స్ కార్డు స్లాట్‌కే పోతాయి. 2021లో వచ్చిన పదకొండో తరం ప్రాసెసర్లలో ఈ లేన్లు 20. అదనంగా వచ్చిన ఆ నాలుగింటిని ఒక ఎస్‌ఎస్‌డీకి నేరుగా ఇవ్వవచ్చు కాబట్టి, అదే ఏడాది వచ్చిన బీ560, జెడ్590 బోర్డుల్లో సాధారణంగా పైనున్న ఎం.2 స్లాట్‌ను తిన్నగా ప్రాసెసర్‌కు కలిపారు. రెండు తరాల ప్రాసెసర్లకూ సాకెట్ ఒకటే కావడంతో మీ పాత ప్రాసెసర్ కొత్త బోర్డులో చక్కగా కూర్చుంది, పని కూడా చేస్తోంది. కాని ఆ పై స్లాట్ నుంచి బయల్దేరిన తీగలు ప్రాసెసర్ సాకెట్ దాకా వచ్చి, అవతల అందుకునేది ఏదీ లేక అక్కడితో ఆగిపోతున్నాయి. ఆ స్లాట్‌లో ప్రపంచంలోని అత్యంత ఖరీదైన ఎస్‌ఎస్‌డీ పెట్టినా బయోస్‌కు కనబడదు. బోర్డు మాన్యువల్‌లో ఎం.2 స్లాట్ల వివరాలున్న పేజీ తీసి చూస్తే, పై స్లాట్ పక్కన ఇది పదకొండో తరం ప్రాసెసర్‌తోనే పనిచేస్తుందన్న సూచన చిన్న అక్షరాల్లో ఉంటుంది.

షాపువాళ్లు దురుద్దేశంతో చెప్పారని నేను అనుకోవడం లేదు. పై స్లాట్‌కు వేడిని తగ్గించే లోహపు పలక ఉంటుంది, అది వేగవంతమైన స్లాట్ అని అందరికీ తెలుసు, కాబట్టి ఎవరైనా ముందు దానిలోనే పెడతారు. అయితే ఒక డ్రైవు కనబడనప్పుడు దాన్ని ఇంకొక స్లాట్‌లోనో, ఇంకొక కంప్యూటర్‌లోనో పెట్టి చూడకుండా, పోయింది కొత్తది కొనండి అని చెప్పడం సరైన పద్ధతి కాదు. మనిషిని చూడకుండా మందు రాసినట్టే అవుతుంది.

కాబట్టి ఎస్‌ఎస్‌డీని రెండో ఎం.2 స్లాట్‌లోకి మార్చండి. ప్లగ్గు పీకేసి, కేబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి చేత్తో తాకి ఒంట్లోని స్థిర విద్యుత్తును వదిలించుకుని పని మొదలుపెట్టండి. రెండో స్లాట్ చాలా బోర్డుల్లో గ్రాఫిక్స్ కార్డు దిగువన ఉంటుంది, అడ్డం వస్తే కార్డును తీయాలి. పై స్లాట్ పలక విప్పి, ఎస్‌ఎస్‌డీ కొసన ఉన్న చిన్న స్క్రూ తీయగానే ఆ కొస దానంతట అదే పైకి లేస్తుంది, అప్పుడు మెల్లగా వెనక్కి లాగండి. కొత్త చోట పెట్టేటప్పుడు ఏటవాలుగా పట్టుకుని, బంగారు రంగు కాంటాక్టులు దాదాపు పూర్తిగా లోపలికి పోయేదాకా నెట్టి, తరువాత కిందికి వంచి స్క్రూ బిగించాలి. ఆ కాంటాక్టులు కొంచెం వంకరగా బయటికి కనబడుతుంటే సరిగా కూర్చోలేదన్నమాట. స్క్రూ కింద ఉండే పొట్టి ఇత్తడి దిమ్మ మీ ఎస్‌ఎస్‌డీ పొడవుకు తగిన రంధ్రంలో ఉందో లేదో కూడా చూసుకోండి. మామూలుగా దొరికే ఎస్‌ఎస్‌డీలు 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు ఉంటాయి, వాటినే 2280 అంటారు. రెండో స్లాట్‌కు లోహపు పలక లేకపోయినా ఇంటి పనులకు ఇబ్బంది ఉండదు. మీ పాత హెచ్410 బోర్డు ఎస్‌ఎస్‌డీకి ఇవ్వగలిగింది మూడో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ వేగమే కాబట్టి, ఈ మార్పు వల్ల మీరు కోల్పోయేది కూడా ఏమీ ఉండదు.

ఎవరైనా బయోస్ అప్‌డేట్ చేస్తే పై స్లాట్ పనిచేస్తుందని చెబితే ఆ మాట పట్టించుకోవద్దు. ప్రాసెసర్‌లో లేని లేన్లను ఏ అప్‌డేటూ తెచ్చిపెట్టలేదు.

ఇప్పుడు ఆన్ చేస్తూ డిలీట్ కీ నొక్కి బయోస్‌లోకి వెళితే స్టోరేజ్ వివరాల్లో ఎస్‌ఎస్‌డీ పేరు కనబడాలి. కనబడితే బూట్ వరుసలో (కంప్యూటర్ దేని నుంచి మొదలవ్వాలో చెప్పే జాబితాలో) విండోస్ బూట్ మేనేజర్‌ను మొదట పెట్టి సేవ్ చేయండి. ఇక్కడ మూడు రకాల చిక్కులు రావచ్చు, మూడింటిలోనూ మీ డేటా భద్రంగానే ఉంటుందని ముందే చెబుతున్నాను, ఎందుకంటే చాలామంది ఈ దశలోనే కంగారుపడి ఫార్మాట్ కొట్టేస్తారు. మొదటిది, నీలిరంగు తెర మీద బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకు వేసే తాళం) రికవరీ కీ అడగడం. డిస్కును లాక్ చేసిన తాళం పాత బోర్డుతో, దానిలోని టీపీఎం అనే భద్రతా భాగంతో ముడిపడి ఉంటుంది కాబట్టి బోర్డు మారగానే విండోస్‌కు అనుమానం వస్తుంది. ఆ 48 అంకెల కీ చాలావరకు మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉంటుంది, ఫోన్‌లో ఆ ఖాతా తెరిచి చూసి టైపు చేస్తే సరిపోతుంది. రెండోది, ఎస్‌ఎస్‌డీ కనబడుతున్నా బూట్ జాబితాలో విండోస్ బూట్ మేనేజర్ లేకపోవడం. మొదట్లో విండోస్ ఎక్కించినప్పుడు హార్డ్ డిస్కులు కూడా తగిలించి ఉంటే, బూట్ ఫైళ్లుండే చిన్న భాగం ఎస్‌ఎస్‌డీలో కాకుండా ఆ హార్డ్ డిస్కులో ఏర్పడి ఉండే అవకాశం ఉంది. ఒకవేళ అది 2 టీబీ డిస్కులోనే ఉంటే, అది లేకుండా విండోస్ మొదలు కాదు. అలాంటప్పుడు విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, బీసీడీబూట్ అనే కమాండుతో ఎస్‌ఎస్‌డీలోనే బూట్ ఫైళ్లను తిరిగి రాయించవచ్చు, విండోస్‌ను మళ్లీ ఎక్కించనవసరం లేదు. మూడోది, పాత విండోస్ ఎంబీఆర్ అనే పాతకాలపు పద్ధతిలో ఉండి కొత్త బోర్డు యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో మాత్రమే బూట్ చేయాలని చూడడం. 2020 తరువాత కొన్న కంప్యూటర్‌లో ఇది అరుదు కాబట్టి ఇంతకంటే వివరించను.

ఇక మీరు బాధపడుతున్న 2 టీబీ డిస్కు దగ్గరికి వద్దాం. దీన్ని వెంటనే మళ్లీ కంప్యూటర్‌కు తగిలించవద్దు. హార్డ్ డిస్కులకు వాడే యూఎస్‌బీ డాక్ (డిస్కును బయటి నుంచి యూఎస్‌బీతో కలిపే పరికరం) ఒకటి సంపాదించండి. అది తనదైన 12 వోల్టుల అడాప్టర్‌తో వచ్చేది అయి ఉండాలి, ఎందుకంటే మీది 3.5 అంగుళాల డిస్కు, దాని మోటారు తిరగాలంటే 12 వోల్టులు కావాలి. ల్యాప్‌టాప్ డిస్కులకు వాడే సన్నటి యూఎస్‌బీ కేబుల్ ఇచ్చే 5 వోల్టులు దానికి చాలవు. ఆ కేబుల్‌తో ప్రయత్నించి డిస్కు తిరగడం లేదని, చచ్చిపోయిందని తేల్చేసినవాళ్లను నేను చూశాను. ముందు ఆ డాక్‌లో మీ 1 టీబీ డిస్కును పెట్టి డాక్ సరిగా పనిచేస్తున్నదని నిర్ధారించుకుంటే, తరువాత వచ్చే ఫలితాన్ని నమ్మవచ్చు.

డాక్‌లో 2 టీబీ డిస్కు పెట్టి స్విచ్ వేసే ముందు గదిలో ఫ్యాన్ ఆపండి, టీవీ ఆపండి. స్విచ్ వేశాక అరచేతిని డిస్కు మీద ఆనించి ఉంచండి. బాగున్న డిస్కు అయితే చేతికి మొదట సన్నని అదురు తెలుస్తుంది, కొన్ని సెకన్లలో ఆ అదురు నిలకడైన గుయ్‌మనే శబ్దంగా మారుతుంది, మధ్యలో ఒకటి రెండుసార్లు చిన్న చిటపట వినిపించి ఆగిపోతుంది. అది డిస్కు లోపల డేటాను చదివే తలలు తమ చోటి నుంచి, డేటా ఉండే పళ్లేల మీదికి వెళ్లిన శబ్దం. అలాగే జరిగితే సగం గండం గడిచినట్టే. దానికి బదులు టక్, టక్ అని గడియారంలా ఒకే లయలో కొట్టుకుంటూ ఉంటే, లేదా గరగరమని రాపిడి శబ్దం వస్తే, ఇంకొకసారి విందామని కూడా ఆగకుండా వెంటనే కరెంటు తీసేయండి. ఆ స్థితిలో తిరిగిన ప్రతి నిమిషమూ పళ్లేల మీది డేటాను అరగదీయగలదు.

డిస్కు బాగా తిరిగి, విండోస్‌లో తన డ్రైవు అక్షరంతో (డి, ఈ లాంటిది) కనబడితే, ఫోల్డర్లు తెరిచి ఫొటోలు చూస్తూ కూర్చోకండి. ముందుగానే కొని పెట్టుకున్న ఇంకొక డిస్కులోకి మొదట నాన్నగారి రికార్డింగులు, తరువాత ఫొటోలు, ఆ తరువాతే మిగతావి కాపీ చేయండి. డిస్కు తిరుగుతున్నా దిస్ పీసీలో కనబడకపోతే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూడండి. అక్కడ ఇనిషియలైజ్ చేయమని ఒక పెట్టె వస్తే క్యాన్సిల్ నొక్కండి. ఫార్మాట్ చేస్తేనే వాడగలరు అని అడిగినా క్యాన్సిలే. కొత్తగా కొన్న ఖాళీ డిస్కుకు ఆ రెండూ అవసరమే, అది లేకనే కొత్త డిస్కులు దిస్ పీసీలో కనబడవు. డేటా ఉన్న డిస్కు ఆ ప్రశ్న అడిగిందంటే మాత్రం దాని విభాగాల పట్టిక దెబ్బతిన్నదని అర్థం, దాని మీద ఏమీ రాయకుండా చదవడం మాత్రమే చేసే రికవరీ ప్రోగ్రాముతో ముందు లోపలివి బయటికి తీయాలి.

డిస్కు అసలు కదలకపోతే, చేతికి అదురూ తెలియకపోతే, చాలావరకు అడుగున ఉన్న ఎలక్ట్రానిక్ బోర్డు దెబ్బతిని ఉంటుంది. ఇది వినడానికి చెడ్డ వార్తే గాని, తలలు పాడవడం కంటే ఎంతో మేలు, ఎందుకంటే పళ్లేలు, వాటి మీది రికార్డింగులు సాధారణంగా చెక్కుచెదరకుండా ఉంటాయి. నేను ముందు చెప్పిన మినప్పప్పు బద్దంత ముక్క టీవీఎస్ డయోడ్. వోల్టేజీ హద్దు మీరినప్పుడు తాను షార్ట్ అయి మిగతా భాగాలను కాపాడడం దాని పని. అనుభవం ఉన్న టెక్నీషియన్ మీటరుతో చూసి, నిజంగా దెబ్బతిన్నది అదొక్కటే అయితే దాన్ని తీసి డిస్కును చదివించగలుగుతాడు. బోర్డు మొత్తం మార్చవలసి వస్తే, అదే మోడల్ బోర్డు ఇంకొకటి తెచ్చి బిగిస్తే సరిపోదు. ఆ డిస్కుకు మాత్రమే వర్తించే సర్దుబాట్లు పాత బోర్డు మీది చిన్న చిప్‌లో ఉంటాయి, ఆ చిప్‌ను కొత్త బోర్డు మీదికి మార్చాలి. ఇది మీరు ఇంట్లో చేసే పని కాదు. హైదరాబాద్‌లో డేటా రికవరీనే వృత్తిగా చేసేవాళ్లున్నారు, వాళ్లకు ఇచ్చేటప్పుడు రెండు విషయాలు అడగండి. డిస్కు నుంచి ముందు పూర్తి నకలు తీసుకుని ఆ నకలు మీద పని చేస్తారా, వెలికి తీసిన ఫైళ్ల జాబితా చూపించిన తరువాతే డబ్బు తీసుకుంటారా అని. మామూలు కంప్యూటర్ షాపులో డిస్కు మూత విప్పి చూస్తామంటే ససేమిరా ఒప్పుకోవద్దు. లోపల తల పళ్లేనికి కొద్ది నానోమీటర్ల ఎత్తులో తేలుతుంటుంది, గదిలోని ధూళి కణం దాని ముందు బండరాయి లాంటిది.

అంతా బాగుండి, డిస్కును తిరిగి కంప్యూటర్‌లో పెట్టదలచుకుంటే, కొత్త ఎస్‌ఎంపీఎస్ పెట్టెలో వచ్చిన పవర్ వైరునే వాడండి. డేటా కేబుల్ మాత్రం ఏ కంపెనీదైనా, ఎంత పాతదైనా, మెలికలు, విరుగుళ్లు లేకపోతే వాడవచ్చు, దానికి రెండు కొసలూ ప్రమాణం ప్రకారమే ఉంటాయి. అయినా ఒక కొత్తది కొని వేయమనే చెబుతాను, డిస్కు ఒకరోజు కనబడి ఒకరోజు మాయమయ్యే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం వదులైన కేబులే. ఇంకొక జాగ్రత్త కూడా ఉంది. కొన్ని బోర్డుల్లో రెండో ఎం.2 స్లాట్ నిండితే ఒకటో రెండో సాటా పోర్టులు వాటంతట అవే ఆగిపోతాయి, కొన్నింటిలో ఎం.2లో సాటా రకం ఎస్‌ఎస్‌డీ పెట్టినప్పుడు మాత్రమే ఇలా జరుగుతుంది. ఏ పోర్టు ఆగుతుందో మాన్యువల్‌లోని పట్టికలో ఉంటుంది. ఎస్‌ఎస్‌డీ మార్చాక ఇప్పుడు కనబడుతున్న 1 టీబీ డిస్కు హఠాత్తుగా మాయమైతే భయపడకండి, దాని కేబుల్‌ను ఇంకొక పోర్టులోకి మార్చండి.

ఇదే సమస్యతో పదకొండో తరం, ఆ తరువాతి ఇంటెల్ ప్రాసెసర్లున్న పాఠకులు కూడా అప్పుడప్పుడు రాస్తున్నారు. వాళ్ల బయోస్‌లో ఎస్‌ఎస్‌డీ కనబడుతుంది గాని, విండోస్ ఎక్కించేటప్పుడు ఏ డ్రైవూ లేదంటుంది. అక్కడ కారణం వేరు. బయోస్‌లో వీఎండీ అనే ఏర్పాటు ఆన్‌లో ఉంటే విండోస్ ఇన్‌స్టాలర్‌కు దాని డ్రైవర్ కావాలి. బోర్డు తయారీదారు సైట్ నుంచి ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని లోడ్ డ్రైవర్ దగ్గర చూపించవచ్చు, రెయిడ్ (కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడే పద్ధతి) అవసరం లేనివాళ్లు వీఎండీని ఆపేయవచ్చు. అయితే ఇప్పటికే విండోస్ ఎక్కి పనిచేస్తున్న కంప్యూటర్‌లో ఆ స్విచ్‌ను ముట్టుకోకూడదు, ముట్టుకుంటే బూట్ కావడం ఆగిపోతుంది. మీ పదో తరం ప్రాసెసర్‌కు ఈ సంగతి వర్తించదు.

మీరు ఎస్‌ఎస్‌డీ మార్చి, డాక్ మీద 2 టీబీ డిస్కును చూశాక మళ్లీ రాయండి. రాసేటప్పుడు బోర్డు పూర్తి మోడల్ పేరు, ఎస్‌ఎస్‌డీ ఇప్పుడు ఏ స్లాట్‌లో ఉంది, 2 టీబీ డిస్కు మీద చెయ్యి పెట్టినప్పుడు అదురు తెలిసిందా, ఏ శబ్దం వచ్చింది అన్న నాలుగు వివరాలు తప్పక ఇవ్వండి. డాక్ దొరకడం ఆలస్యమైతే ఆ డిస్కును మెత్తని గుడ్డలో చుట్టి, తడి తగలని చోట, పిల్లలకు అందకుండా పెట్టండి. కరెంటు ఇవ్వకుండా ఎన్ని వారాలు పక్కన పెట్టినా దానికి ఏమీ కాదు. ఆ పాత పవర్ వైరును మాత్రం ఈ రోజే పాత ఎస్‌ఎంపీఎస్‌తో కలిపి కట్టి, ఇంకెవరూ పొరపాటున తీసి వాడకుండా దాని మీద ఒక చీటీ అంటించండి.